ఆన్ అయినప్పుడు

నల్లగొండ బస్టాండ్ల దేవరకొండ బస్సెక్కుతుంటే పోయింది.
బత్తాయి సంచులెక్కిస్తున్న మందిల
ఎవలి చెయ్యో, నా బ్యాగు జిప్పు తీసి
మళ్లా మర్యాదగ జిప్పు పెట్టి మరీ పోయింది.

కనగల్ క్రాసురోడ్డు కాడ చూసుకున్న.
ముందుగాల ఖరీదే యాదికొచ్చింది,
తొమ్మిది వేలు, ఇంక మూడు కిస్తులు బాకీ.
గుర్రంపోడు వచ్చేసరికి ఖరీదు మర్చిపోయిన.
అండ్ల ఉన్నోళ్లు ఒక్కొక్కలే
బస్సుల లేచి నిలబడ్డరు.

తండాల మంగ్తికి మూడో కాన్పు, రక్తం ఆరే ఉన్నది,
ఆ రిపోర్టు ఫొటో.
ఈదమ్మ కోడలుకు నెల తప్పింది,
అత్తకింకా తెల్వది.
టీబీ గోలీలు మింగే పిల్ల,
లగ్గం ఖాయమైంది మొన్ననే,
"అక్కా, నీ కడుపుల పెట్టుకో" అన్నది.
కడుపులనే పెట్టుకున్ననని అనుకున్న.
ఫోన్ల పెట్టిన.

ముప్పై ఏడు ఆధార్ కార్డులు, ముందటివీ ఎన్కటివీ.
బ్యాంకు బుక్కుల మొదటి పేజీలు.
తాళమా? ఉండె.
ఒకటి రెండు మూడు నాలుగు.
గొళ్లెం లేని తలుపుకు తోరణం కట్టినట్టు.

కొండమల్లేపల్లిల దిగి ఖమర్ దుకాణానికి ఉరికిన.
ఛాయ్ గ్లాసు పక్కకు జరిపి
తన ఫోను నా చేతిల పెట్టిండు.
"ఏడ్చుడు తర్వాత అక్కా,
ముందు సిమ్ము బందు పెట్టియ్యి.
ఓటీపీలన్నీ దానికే పోతయి. ఆ ఎన్క బ్యాంకు."
రెండు నొక్కమన్నది, తొమ్మిది నొక్కమన్నది ఒక గొంతు.
అవ్వ పేరడిగింది, పుట్టిన తారీఖడిగింది.
నేను నేనే అని ఒప్పుకోనీకి
పదకొండు నిమిషాలు పట్టింది.
దొంగకు నాలుగు అంకెలు చాలు.

స్టేషన్ల హెడ్డు అడిగిండు, ఐఎంఈఐ నంబరేదని.
ఫోనొచ్చిన డబ్బ మీద ఉంటదట.
ఆ డబ్బల నా బిడ్డ గాజులు దాచుకున్నది.
ఇంటికి ఫోన్ చేపిచ్చి చదివిపిస్తుంటే
గాజుల సప్పుడు ఇనొచ్చింది.
"ఆశమ్మా, అండ్ల ఏమేమున్నయి?"
కాయితం మీద ఒక్క గీతంత జాగ.
"ఫొటోలు సార్" అన్న.
పేర్లు జెప్తే, దొంగ చెయ్యాల్సింది నేనే చేసినట్టు గాదా.

మళ్లా దుకాణం.
పాస్‌వర్డు కొట్టుమని ఖమర్ మొకం అటు తిప్పుకున్నడు.
మ్యాపుల ఒక చుక్క, ప్రకాశం బజారు, పదిన్నరకు.
అటెన్క ఏం లేదు.
కింద ఎర్రటక్షరాలు: అన్నీ తుడిచెయ్యాల్నా?

అన్నీ అంటే
మా పెద్దక్క సుత.
పోయినేడు దవాఖాన్ల పండుకోని పంపింది,
పద్నాలుగు సెకండ్లు:
"చెల్లే, ఈడ తిండి సప్పగున్నదే,
జెర పచ్చిపులుసు పంపియ్యి."
పంపిన. గిన్నె నిండుగనే తిరిగొచ్చింది.
ఆ గొంతు ఇంకో జాగల యాడ లేదు.

ఖమర్ గోడకేలాడే కవర్లు లెక్కపెడుతున్నడు,
లెక్కపెట్టినయే మళ్లా లెక్కపెడుతున్నడు.
నొక్కిన.

ఏం కాలే.
"ఫోను ఆఫ్‌లో ఉంది. తిరిగి ఆన్ అయినప్పుడు
డేటా తుడిచివేయబడుతుంది."

పొద్దుగూకేదాంక ఇల్లిల్లు తిరిగిన.
పోయిందని చెప్పిన, ఏమేం పోయినయో చెప్పిన.
మంగ్తి నవ్వింది, నా రక్తం ఎవలెత్కపోతరు అని.
ఈదమ్మ కోడలు వాకిట్లకెళ్లే సైగ చేసింది, ఇయ్యాల రాకు అని.
టీబీ పిల్ల శానాసేపు మాట్లాడలే.
"ఇగ దేంట్లనూ రాయకక్కా" అన్నది.
సరే అన్న.
రాయకుంటే పైనోళ్లు జీతం కోస్తరని చెప్పలే.

రాత్రి నిద్ర పడ్తలేదు.
యాడనో ఒక బొటనేలు
ఆ పక్క బటన్ మీద ఆగి ఉన్నది.
వత్తుతే ఊరి ఇజ్జతు దక్కుతది.
వత్తనన్ని దినాలు అక్క అండ్లనే ఉంటది,
పచ్చిపులుసు అడుక్కుంట.